కడప–కర్నూలు ఆకాశమార్గము: దూరమెంత? కాలమెంత?

కడపలోని పాత చిన్న విమానాశ్రయమును విస్తరించి 2015 జూన్ 7వ తేదీన ప్రయాణికుల విమానములకు తెరచిరి. కర్నూలు విమానాశ్రయమును ఓర్వకల్లు దగ్గర కొత్తగా నిర్మించిరి. అది 2021 మార్చి 25న ప్రారంభమైనది. ఆ నెల 28వ తేదీనుండి అక్కడ విమానములు దిగుచున్నవి. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి.

ఈ రెండు పట్టణములను నేలమీద కలుపునది 40వ జాతీయ రహదారి. కడపనుండి బయలుదేరి మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల, ఓర్వకల్లుల మీదుగా అది కర్నూలు చేరును. కడపనుండి కర్నూలునకు ఈ దారిన సుమారు 205 కిలోమీటర్లు. మైదుకూరు ఈ దారిలో ఒక పెద్ద కూడలి. కడప, నంద్యాల, పొద్దుటూరు, బద్వేలు దారులు నాలుగును అక్కడ కలిసికొనును. ఆ ఊరికి రైలు లేదు. 2016లో పూర్తియైన నంద్యాల–యర్రగుంట్ల రైలుమార్గము పొద్దుటూరు మీదుగా పోవునే గాని మైదుకూరును తాకదు.

కడప, కర్నూలు విమానాశ్రయముల మధ్య నేరుగా ఒక విమానము నడచుననుకొందము. అది పోవలసిన దూరమెంత? పట్టు కాలమెంత? ఆ విమానమువలన మైదుకూరు మనిషికి ఏమైన మేలు కలుగునా? మొదటి ప్రశ్నకు జవాబు భూగోళ శాస్త్రములో ఉన్నది. రెండవదానికి భౌతిక శాస్త్రము కావలెను. మూడవదానికి ఉన్నత పాఠశాల గణితము చాలును. అయితే ఆ చివరి జవాబే తక్కిన రెంటికంటె ఆశ్చర్యకరముగా ఉండును.

దూరమును లెక్కించుట

భూమిమీద ఏ స్థలమునైనను రెండు అంకెలతో గుర్తింపవచ్చును: భూమధ్యరేఖనుండి ఎంత ఉత్తరముగా ఉన్నదో తెలుపు అక్షాంశము, గ్రీనిచ్ రేఖనుండి ఎంత తూర్పుగా ఉన్నదో తెలుపు రేఖాంశము. కడప విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 14 డిగ్రీల 31 నిమిషములు, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 46 నిమిషముల వద్ద ఉన్నది. కర్నూలు విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 15 డిగ్రీల 43 నిమిషములు, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 10 నిమిషముల వద్ద ఉన్నది. ఇక్కడ నిమిషమనగా డిగ్రీలో అరువదవ వంతు. గడియారములోని నిమిషము కాదు.

రెంటికిని తేడా తీసినచో, కర్నూలు విమానాశ్రయము కడపదానికంటె 72 నిమిషములు ఉత్తరముగాను, 36 నిమిషములు పడమరగాను ఉన్నదని తెలియును. ఈ నిమిషములను మైళ్లుగా మార్చుటకు నావికులు ఏనాడో ఒక సులభోపాయము కనిపెట్టిరి. అక్షాంశములో ఒక నిమిషమునకు భూమిమీద ఎంత దూరము వచ్చునో దానినే వారు ఒక మైలుగా తీసికొనిరి. దీనిని నాటికల్ మైలు అందురు. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశము దీనిని సరిగా 1,852 మీటర్లని నిర్ణయించినది. ఓడలవారు వాడిన ఈ కొలతనే నేడు విమానములవారును వాడుచున్నారు. కనుక ఉత్తరముగా 72 నిమిషములనగా 72 నాటికల్ మైళ్లే. వేరే లెక్క అక్కరలేదు.

రేఖాంశముల విషయము ఇంత సులభము కాదు. రేఖాంశ రేఖలన్నియు ధ్రువములవద్ద ఒకచోట కలిసికొనును. కాబట్టి భూమధ్యరేఖమీద రెండు రేఖల మధ్యనున్న ఎడము ఉత్తరమునకు పోవుకొలది తగ్గును. పుచ్చకాయమీది చారలు నడుమ ఎడముగా ఉండి తొడిమదగ్గర కలిసికొనుట అందరును చూచినదే గదా! ఈ తగ్గుదలను ఆ చోటి అక్షాంశముయొక్క కోసైన్ తెలుపును. రెండు విమానాశ్రయముల నడిమి అక్షాంశము 15 డిగ్రీల 7 నిమిషములు. దాని కోసైన్ 0.965. దీనితో 36ను గుణించినచో 34.7 వచ్చును. అనగా పడమరగా పోవలసినది సుమారు 34.7 నాటికల్ మైళ్లు.

ఇప్పుడొక లంబకోణ త్రిభుజము ఏర్పడినది. ఒక భుజము 72, రెండవ భుజము 34.7. పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము కర్ణముయొక్క వర్గము 5,184, 1,204ల మొత్తము, అనగా 6,388. దీని వర్గమూలము ఇంచుమించుగా 80. కనుక రెండు విమానాశ్రయముల మధ్య ఆకాశ దూరము 80 నాటికల్ మైళ్లు, అనగా 148 కిలోమీటర్లు. దిక్కును కూడ ఈ త్రిభుజమే చెప్పును. ఉత్తరమునుండి పడమరకు సుమారు 26 డిగ్రీలు వంగిన దిక్కున విమానము పోవలెను.

భూమి గుండ్రని దనుట మరచితిమా?

గుండ్రని భూమిమీద సమతల త్రిభుజము గీచి లెక్కించుట సరియేనా యని శ్రద్ధగల విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. గోళముమీద రెండు బిందువుల మధ్య మిక్కిలి దగ్గరి దారి సరళరేఖ కాదు, ఒక చాపము. ఆ రెండు బిందువులగుండ, గోళ కేంద్రముగుండ పోవు తలముతో గోళమును కోసినచో ఏర్పడు వృత్తమును మహావృత్తమందురు. దగ్గరి దారి ఆ వృత్తములోని భాగమే. గోళాకార త్రికోణమితిలోని సూత్రముతో కడప–కర్నూలు దూరమును మరల లెక్కించినను 80 మైళ్లే వచ్చును. 148 కిలోమీటర్లలో భూమి వంపు అంత తక్కువ. భూమి ధ్రువములవద్ద కొంచెము నొక్కబడి ఉండుటవలన కలుగు తేడాయు నూటికి ఒక వంతునకు లోపలనే.

దూరము పెరిగినప్పుడు మాత్రము మహావృత్తము తన మహిమను చూపును. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు మహిళా పైలట్లు నడిపిన విమానము ఉత్తర ధ్రువము మీదుగా వచ్చినది. ఆ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. గోడమీది పటమును చూచినవారికి అది చుట్టుదారివలె తోచును. గోళముమీద దారము లాగి చూచినచో అదియే దగ్గరి దారియని తెలియును.

ఒక డిగ్రీకి నేలమీద ఎంత దూరమో తెలిసికొనుటకు పూర్వులు పడిన శ్రమలో రాయలసీమకును భాగమున్నది. 1802లో మద్రాసు సమీపమున విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే గుత్తి ప్రాంతముగుండ ఉత్తరమునకు సాగినది. గొలుసులతో నేలను కొలిచి, కొండ శిఖరములనుండి కోణములు తీసి, వారు సంవత్సరముల తరబడి సాధించిన కొలతలు భూమి ఆకారమును నిర్ణయించుటకు తోడ్పడినవి. నేడు మనము రెండు గుణకారములతో 148 అని తేల్చుట వెనుక అంతటి శ్రమ ఉన్నది.

పటముమీద ఆ రేఖ

ఈ 148 కిలోమీటర్ల రేఖను పటముమీద గీచి చూచినచో మరొక విషయము తెలియును. అది కడప విమానాశ్రయమునుండి బయలుదేరి పెన్నను దాటి, మైదుకూరు, పొద్దుటూరుల నడుమగా పోవును. ఆ మీదట కుందూనది లోయపై సాగి, ఆళ్లగడ్డ, కోయిలకుంట్లల మధ్యగా, నంద్యాలకు పడమరగా ఓర్వకల్లు చేరును. నేలదారి అట్లు కాదు. ఊళ్లను కలుపుకొనుచు తూర్పుగా నంద్యాల వరకు పోయి, అక్కడినుండి పడమరకు తిరుగును. దారి వంకర తిరుగుట రోడ్డు వేసినవారి లోపము కాదు. ఊళ్లకు పనికి వచ్చుటకే రోడ్డు వంకర తిరిగినది. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. చివరకు దీనితో పని యున్నది.

పదునెనిమిది నిమిషములు ఎందుకు చాలవు?

ఇక కాలము మాట. ఇట్టి చిన్న విమానాశ్రయముల మధ్య ఎక్కువగా తిరుగునవి ఏటీఆర్-72 వంటి పంకాల విమానములు. డెబ్బదిమందికి పైగా కూర్చుండగల ఈ విమానము పైకెక్కి స్థిరముగా పోవునప్పుడు వేగము గంటకు సుమారు 500 కిలోమీటర్లు. దూరమును వేగముతో భాగించిన కాలము వచ్చునని ఆరవ తరగతి విద్యార్థికి కూడ తెలియును. 148ని 500తో భాగించి 60తో గుణించినచో 18 నిమిషములు తేలును. కాని ఏ విమాన సంస్థయు తన కాలపట్టికలో ఇట్టి ప్రయాణమునకు 18 నిమిషములని వేయదు. ఎందుకు?

వేగము స్థిరముగా ఉన్నప్పుడే ఆ భాగహారము చెల్లును. విమానము వేగము ప్రయాణములో చాల భాగము స్థిరముగా ఉండదు. దానిని చూచుటకు ఉదాహరణగా కొన్ని గుండు అంకెలు తీసికొందము. విమానము 3 కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కుటకు 10 నిమిషములు పట్టుననుకొందము. ఎక్కునప్పుడు ఇంజనుల శక్తిలో పెద్ద భాగము బరువును పైకెత్తుటకే వ్యయమగును గనుక సగటు వేగము గంటకు 320 కిలోమీటర్లే యనుకొందము. ఆ 10 నిమిషములలో అది సుమారు 53 కిలోమీటర్లు పోవును. దిగుటకు మరల 10 నిమిషములు, సగటున గంటకు 360 కిలోమీటర్ల వేగమున 60 కిలోమీటర్లు. రెండును కలిపి 113 కిలోమీటర్లు. పూర్తి వేగముతో పోవుటకు మిగిలినది 35 కిలోమీటర్లు మాత్రమే. దానికి 4 నిమిషములు చాలును. ఈ విధముగా 18 కావలసినది 24 నిమిషములైనది. ఎక్కుట ముగిసి కొద్దిసేపైనను కాకముందే దిగుట మొదలగునన్నమాట!

అంతటితో తీరలేదు. రన్‌వేను సాధారణముగా ఆ చోట ఎక్కువకాలము వీచు గాలికి ఎదురుగా ఉండునట్లు వేయుదురు. పోవలసిన ఊరి దిక్కునుబట్టి కాదు. కనుక లేచిన తరువాత దారికి తిరుగుటకు, దిగుటకు ముందు రన్‌వేకు సూటిగా వచ్చుటకు 6 నిమిషములు వేసికొనవలెను. నిలిచిన చోటునుండి రన్‌వే వరకు నేలమీద నడచుటకు, దిగిన పిమ్మట మరల నిలుచు చోటికి చేరుటకు రెండుచోట్ల కలిపి 13 నిమిషములు. కాలపట్టికలో వేయు ప్రయాణకాలము విమానము నిలిచినచోటినుండి కదలినది మొదలు మరల నిలుచు వరకు లెక్కించినది. మొత్తము 43 నిమిషములు.

ఈ 43లో దూరమునుబట్టి వచ్చినది 18. తక్కిన 25 ఏ ప్రయాణమునకైనను తప్పనివి. దూరము రెట్టింపైనను ఆ 25 నిమిషములు ఇంచుమించు అంతే ఉండును. కాబట్టి సూత్రమును ఇట్లు వ్రాయవచ్చును:

ప్రయాణకాలము = స్థిరకాలము + (దూరము ÷ వేగము)

కడప–హైదరాబాదు ఆకాశ దూరము సుమారు 304 కిలోమీటర్లు. దూరము కడప–కర్నూలు దూరమునకు రెట్టింపునకు మించినది. కాని ఈ సూత్రము ప్రకారము కాలము 25 + 36, అనగా 61 నిమిషములే. విశాఖపట్టణము సుమారు 594 కిలోమీటర్లు. దూరము నాలుగు రెట్లు, కాలము 96 నిమిషములు. దూరముతోపాటు కాలము అదే నిష్పత్తిలో పెరుగదని దీనివలన స్పష్టమగును.

గాలి చేయు మేలు, కీడు

గాలి సంగతి కొంచెము చూడవలెను. విమానమునకు 500 కిలోమీటర్ల వేగమనగా గాలిలో దాని వేగము, నేలమీద కాదు. గంటకు 50 కిలోమీటర్ల గాలి వెనుకనుండి వీచినచో నేలకు సంబంధించిన వేగము 550 అగును. ఎదురుగా వీచినచో 450. నైరుతి ఋతుపవనకాలములో మన ప్రాంతముమీద క్రింది పొరలలో గాలి పడమటి వైపునుండి వీచును. కడపనుండి ఈశాన్యముగా విశాఖపట్టణమునకు పోవు విమానమునకు అది తోడ్పడును. తిరుగు ప్రయాణములో అడ్డగించును.

రాకపోకలలో లాభనష్టములు సరిపోవునా? చాలమంది సరిపోవుననుకొందురు. లెక్క వేసి చూడవలెను. గాలి లేనప్పుడు 594 కిలోమీటర్లు పోయి వచ్చుటకు 142.6 నిమిషములు. గాలి ఉన్నప్పుడు పోవుటకు 64.8, వచ్చుటకు 79.2, మొత్తము 144 నిమిషములు. ఎప్పుడును నష్టమే మిగులును. ఎదురుగాలిలో విమానము ఎక్కువసేపు ఉండును. తోడుగాలిలో తక్కువసేపే ఉండును. అడ్డగించువాడు ఎక్కువసేపును, సాయము చేయువాడు తక్కువసేపును వెంట నడచిన ఫలితము అట్లే ఉండును గదా!

గడపనుండి గడప వరకు

విమానములో 43 నిమిషములు పట్టునన్నంతమాత్రాన ప్రయాణము 43 నిమిషములు కాదు. మనిషి తన ఇంటినుండి బయలుదేరి పోవలసిన చోటు చేరువరకు లెక్కింపవలెను. ముందుగా కడప పట్టణములోని ఒక వ్యక్తిని తీసికొందము. ఇంటినుండి విమానాశ్రయమునకు 25 నిమిషములు. తనిఖీలు మొదలైనవానికి ఒక గంట ముందు ఉండవలెను. విమానములో 43. దిగి సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు 20. ఓర్వకల్లునుండి కర్నూలు పట్టణము చేరుటకు 30. మొత్తము 178 నిమిషములు. గంటలలో 2 గంటల 58 నిమిషములు. అదే వ్యక్తి గంటకు సగటున 55 కిలోమీటర్ల వేగముతో కారులో 205 కిలోమీటర్లు పోయినచో 3 గంటల 44 నిమిషములు. విమానమువలన మిగిలినది 46 నిమిషములు.

ఇప్పుడు మైదుకూరు వ్యక్తిని తీసికొందము. అతడు కర్నూలు పోవుటకు ముందు వెనుకకు, అనగా దక్షిణముగా, కడప విమానాశ్రయమునకు పోవలెను. దానికి 50 నిమిషములు వేసికొన్నచో అతని మొత్తము ప్రయాణము 203 నిమిషములు, అనగా 3 గంటల 23 నిమిషములు. కాని మైదుకూరునుండి కర్నూలు రోడ్డున సుమారు 170 కిలోమీటర్లే. అదే కారు వేగమున 3 గంటల 5 నిమిషములు. విమానమెక్కినందువలన అతడు 18 నిమిషములు ఆలస్యముగా చేరును! వేగములో తొమ్మిదింతలున్న వాహనము ఓడిపోయినది. ఆళ్లగడ్డ, నంద్యాల వారి సంగతి చెప్పనక్కరలేదు. విమానము ఎక్కుటకు వారు వెనుకకు వచ్చు కాలములో కర్నూలు దారిలో చాల భాగము గడచిపోవును.

దీనిని అప్పు తీర్చుటతో పోల్చవచ్చును. స్థిరకాలము, ఎదురుచూచుట, విమానాశ్రయములకు రాకపోకలు అన్నియు కలిపి విమానము బయలుదేరకముందే ప్రయాణికునిమీద 160నుండి 185 నిమిషముల అప్పు పడును. ఆకాశములో పోవు ప్రతి కిలోమీటరునకు రోడ్డుతో పోల్చగా సుమారు ఒకటింబావు నిమిషముకంటె కొంచెము తక్కువ, అనగా 1.2 నిమిషములు కలిసి వచ్చును. ఆ అప్పు తీరవలెనన్న 135నుండి 155 కిలోమీటర్ల వరకు పోవలెను. లాభము అటుతరువాతనే మొదలగును. కడప–కర్నూలు దూరము సరిగా ఈ సరిహద్దుమీదనే ఉన్నది. అందుచేతనే ఒకరికి లాభము, మరొకరికి నష్టము.

ఆ మైదుకూరు వ్యక్తియే విశాఖపట్టణమునకు పోవలసి వచ్చినచో లెక్క తలక్రిందులగును. కడపనుండి నేరుగా విమానము దొరికినచో మొత్తము 4 గంటల 16 నిమిషములు. రోడ్డున 700 కిలోమీటర్లకు తక్కువ కాదు. పండ్రెండు గంటలకు పైగా పట్టును. చదువుకొరకో, ఆసుపత్రికొరకో దూరము పోవలసిన వారికి ఆ ఎనిమిది గంటల తేడా చిన్నది కాదు.

ప్రజల ధనము మాట

ఈ లెక్క ప్రయాణికునికే గాక ప్రభుత్వమునకును కావలసినదే. చిన్న పట్టణములకు విమానములు నడుపుటకై కేంద్ర ప్రభుత్వము 2016లో ఉడాన్ పథకమును ప్రకటించినది. 2017 ఏప్రిల్ 27న ఈ పథకము క్రింద మొదట ఎగిరిన విమానములలో కడప–హైదరాబాదు విమానము ఒకటి. సుమారు గంట ప్రయాణమునకు విమానములో కొన్ని సీట్ల ధర 2,500 రూపాయలు మించకుండ అప్పుడు నిర్ణయించిరి. దానివలన విమాన సంస్థకు వచ్చు లోటును నిధినుండి పూరింతురు. ఇంధనము ఎక్కువగా మండునది పైకెక్కునప్పుడు. ప్రయాణమెంత చిన్నదైన ఎక్కుటకు అగు ఖర్చు తప్పదు గనుక కిలోమీటరునకు పడు ఖర్చు చిన్న ప్రయాణములలోనే ఎక్కువ. కాబట్టి రెండు ఊళ్లకు విమానాశ్రయములు ఉన్నంతమాత్రాన వాటి మధ్య విమానము నడుపుట మేలని చెప్పుటకు వీలులేదు. ప్రతి విమానాశ్రయమును దూరపు నగరములతో కలుపుటయే ఎక్కువ ప్రయోజనకరము కావచ్చును. దగ్గరి ఊళ్లకు మంచి రోడ్డు, వేళకు వచ్చు బస్సు చేయు మేలు విమానము చేయలేదు.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును చక్కని అభ్యాసముగా మలచవచ్చును. హైదరాబాదునుండి వేరువేరు పట్టణములకు ఒకే రకపు విమానము పట్టు కాలములను కాలపట్టికనుండి విద్యార్థులచే సేకరింపజేయవలెను. అక్షాంశ రేఖాంశములనుబట్టి దూరములను పైన చెప్పిన పద్ధతిలో వారిచేతనే లెక్కింపజేయవలెను. గ్రాఫు కాగితముమీద అడ్డముగా దూరమును, నిలువుగా కాలమును గుర్తించి, బిందువుల నడుమగా ఒక సరళరేఖ గీయింపవలెను. ఆ రేఖ మూలబిందువుగుండ పోదు. నిలువు అక్షమును అది ఎక్కడ ఖండించునో అదియే స్థిరకాలము. దాని వాలునుండి విమానపు వేగము తెలియును. పిమ్మట అదే కాగితముమీద తమ ఊరినుండి బస్సు పట్టు కాలమునకు మరొక రేఖ గీచి, రెండు రేఖలు ఎక్కడ కలిసికొనునో చూడవలెను. ఆ బిందువు మైదుకూరునకు ఒకచోట, కడపకు ఒకచోట, కర్నూలునకు మరొకచోట ఉండును. ఏ ఊరి విద్యార్థులు గీచిన రేఖ ఆ ఊరి మేలును చెప్పును.